సముద్రం లేని చోట దీపస్తంభాలు

నూజివీడు నుంచి మచిలీపట్నం దగ్గరి సముద్రతీరానికి పటం మీద నేరుగా గీత గీసి కొలిస్తే సుమారు 75 కిలోమీటర్లు వస్తుంది. మామిడితోటల మధ్య పెరిగే పిల్లలకు దీపస్తంభం అంటే పుస్తకంలో బొమ్మ, లేదా సినిమాలో ఒక దృశ్యం. బొమ్మలో ఎప్పుడూ సముద్రమే ఉంటుంది. అందుచేత దీపస్తంభం ఉండేది సముద్రం ఒడ్డునే అని మనం అనుకుంటాం.

అలా అనుకోనక్కర లేదు. సరస్సుల ఒడ్డున, సరస్సుల నడుమ బండరాళ్ళ మీద, నదుల మలుపుల్లో, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర కూడా దీపస్తంభాలు కట్టారు. వాటిలో కొన్ని ఇప్పటికీ వెలుగుతున్నాయి. చాలా ఆరిపోయాయి. ఆరిపోయినవాటిని ఏం చెయ్యాలన్నది ఇప్పుడు అనేక దేశాలలో ఒక ప్రశ్న. అలాంటిది ఒకటి మనకు అందుబాటులోనే ఉంది. దాని దగ్గరకు వెళ్ళేముందు, దీపాన్ని ఎత్తున ఎందుకు పెడతారో చూద్దాం.

ఎత్తు ఎందుకు?

కార్తీకమాసంలో శివాలయంలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కట్టడం మీరు చూసే ఉంటారు. అదే దీపాన్ని గుడి గడపలో పెడితే వీధి చివరిదాకా కూడా కనిపించదు. ఇళ్ళూ చెట్లూ అడ్డు వస్తాయి. మరి నీటి మీద ఇళ్ళూ చెట్లూ లేవు కదా, అక్కడ ఎత్తు దేనికి? అక్కడ అడ్డు వచ్చేది భూమే. భూమి గుండ్రంగా ఉండటం వల్ల నీటి ఉపరితలం కూడా వంగి ఉంటుంది. కొంత దూరం పోయాక దీపం ఆ వంపు వెనకకు దిగిపోతుంది.

ఎంత దూరం పోయాక? దీనికి సులువైన లెక్క ఉంది. దీపం ఎత్తును మీటర్లలో తీసుకోండి. దాని వర్గమూలాన్ని 3.6తో గుణించండి. వచ్చిన సంఖ్యే ఆ దీపానికి దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చెబుతుంది. 50 మీటర్ల ఎత్తున్న దీపానికి వర్గమూలం సుమారు 7.1, 3.6తో గుణిస్తే సుమారు 25 కిలోమీటర్లు. చూసేవాడు కూడా ఎత్తున నిలబడితే అతని ఎత్తుకు మళ్ళీ అదే లెక్క వేసి రెండూ కలపాలి. గాలిలో వక్రీభవనం వల్ల వెలుగు కొద్దిగా వంగి ఇంకాస్త దూరం వెళుతుంది గాని, మనకు ఈ లెక్క చాలు.

ఇప్పుడు తిరగేసి చూడండి. బందరు తీరంలోని దీపం నూజివీడులో నేల మీద నిలబడ్డవాడికి కనిపించాలంటే ఎంత ఎత్తు ఉండాలి? 75ను 3.6తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చెయ్యండి. సుమారు 430 మీటర్లు! మధ్యలో చెట్టూ పుట్టా ఏమీ లేవనుకుంటేనే సుమా.

సరస్సు దీపానికి ఇంత అవస్థ లేదు. పదిమీటర్ల ఎత్తున దీపం పెడితే పదకొండు కిలోమీటర్లు దాటి కనిపిస్తుంది. ఒక సరస్సులోని ఒక మూలకు అది ఎక్కువే. సరస్సు దీపస్తంభాలు చాలావరకు పొట్టిగా ఉండటానికి ఇదే కారణం. పొట్టివి కాబట్టి జనం కంట పడవు. కంట పడవు కాబట్టి త్వరగా మరచిపోతారు.

చిలికాలో ఒక స్తంభం

మన దగ్గరి పెద్ద మంచినీటి సరస్సు కొల్లేరు. కొల్లేటిలో దీపస్తంభం లేదు. ఉండవలసిన అవసరమూ రాలేదు. తాటి దోనె నేలకు తగిలితే గడకర్రతో ఒక తోపు తోస్తే కదులుతుంది. మునిగితే పెద్దగా పోయే సరుకు కూడా ఉండదు. దీపస్తంభం ఖర్చుతో కూడిన పని. పోయే సరుకు విలువా, పోయే ప్రాణాల సంఖ్యా ఎక్కువైనచోటే దాన్ని కట్టారు.

ఒడిశాలోని చిలికా సంగతి వేరు. అది మనదేశంలోకెల్లా పెద్ద ఉప్పుటేటి సరస్సు. పొడవు సుమారు 64 కిలోమీటర్లు. వానాకాలంలో విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది, వేసవిలో తగ్గుతుంది. లోతు చూస్తే చాలాచోట్ల రెండు మూడు మీటర్లే. లోతు తక్కువైన పెద్ద సరస్సు చాలా మోసకారి. గాలి లేస్తే లోతులేని నీటిలో అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేచి పడవను కొడతాయి. దక్షిణపు కొసన రంభ అనే ఊరి దగ్గర నీటిలోంచి బండలూ, చిన్నచిన్న దీవులూ పైకి పొడుచుకొని ఉంటాయి. పగలు చూడ ముచ్చటగా ఉండే ఆ బండలే రాత్రి పడవకు గండం.

ఆ రంభ అఖాతంలో, ఘంటశిల కొండకు దగ్గరగా, నీటి మధ్య ఒక బండ మీద శంకువు ఆకారంలో ఒక స్తంభం ఉంది. కొసన దీపం పెట్టడానికి దాన్ని కట్టారు. అందుకే ఆ బండకు బీకన్ దీవి అని పేరు వచ్చింది. బీకన్ అంటే దారి చూపే గుర్తు, లేదా దీపం. కట్టించినవాడు ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాం జిల్లాకు అధికారిగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే తెల్లదొర. కాలం 18వ శతాబ్దం చివరి దశకం. రంభలో సరస్సు ఒడ్డున పెద్ద భవనం కట్టించుకున్నవాడూ అతడే. తరవాత కంపెనీకీ అతనికీ పేచీ వచ్చి ఉద్యోగం ఊడింది. లండన్‌లో కంపెనీ కార్యాలయం ఎదుట చీపురు పట్టి వీధి ఊడ్చి, దొరలకు సిగ్గు కలిగించి పింఛను సాధించాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, స్తంభం మాత్రం నిలిచింది.

ఇది మనకు పరాయి ఊరి కథ కాదు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలో భాగం. బరంపురంలో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. గంజాం నుంచి పూరీ వరకు తీరం పొడుగునా నోళియాలని పిలిచే మత్స్యకారులు తెలుగు మాట్లాడేవారే. ఆ స్తంభానికి సమీపంలోనే బర్కుడా అనే దీవి ఉంది. కాళ్ళు లేని ఒక వింత బల్లిజాతి జీవిని ఆ దీవిలో కనుగొని, 1917లో నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త లోకానికి తెలియజేశాడు. దాని పేరు కూడా దీవి పేరు మీదుగానే బర్కుడియా అయింది. ఆ సంగతి మరో నెల చెప్పుకోదగినంత ఉంది. దీపాల దగ్గరకు వద్దాం.

1890లలో ఈ తీరం వెంట రైలుమార్గం పడింది. విజయవాడ నుంచి హౌరా వెళ్ళే రైలు చిలికా పడమటి ఒడ్డును రాసుకుంటూ పోతుంది. పడవల్లో సరస్సు దాటవలసిన సరుకు రైలెక్కింది. సరుకు లేని నీటిదారికి దీపంతో పనిలేదు. సముద్రపు దీపస్తంభం ఆరితే మరో కొత్త స్తంభం కడతారు. నీటిదారి పోతే దీపం శాశ్వతంగా ఆరిపోతుంది. ఒకప్పుడు ఇక్కడ దారి ఉండేదని చెప్పడానికి ఆ రాళ్ళు తప్ప మరొకటి మిగలదు.

మామిడితోటలో నదీదీపం

నదిలో ఇబ్బంది మరో రకం. నది వెడల్పుగా కనిపిస్తుంది గాని పడవకు పనికివచ్చే లోతైన పాయ అందులో సన్నగా, వంకర టింకరగా ఉంటుంది. కుడికి పదిమీటర్లు తప్పితే ఇసుక తిన్నె. ఇక్కడ ఒక్క దీపం చాలదు. దీపం ఉన్న దిక్కు తెలుస్తుంది గాని మనం ఉన్న గీత సరైనదో కాదో తెలియదు.

దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మన మామిడితోటను మించిన ప్రయోగశాల లేదు. వరుసగా నాటిన తోట గట్టు మీద నడుస్తూ లోపలికి చూడండి. మొదట మొదళ్ళన్నీ చిందరవందరగా ఉంటాయి. ఒకచోటికి రాగానే ఒక వరుసలోని మొదళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కొని ఒక్క చెట్టులా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకు వెయ్యండి, వరుస చెదిరిపోతుంది. అంటే ఆ చెట్లన్నీ కలిసిపోయి కనిపించే చోటు ఒక్కటే. అది ఆ వరుస గీత మీద ఉంది.

నదిలో కూడా అంతే. లోతైన పాయకు ఎదురుగా ఒడ్డున రెండు దీపాలు నాటుతారు. ముందుది పొట్టిది, వెనకది పొడుగుది. పడవ సరైన గీత మీద ఉంటే రెండు దీపాలూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనిపిస్తాయి. పడవ కుడికి జరిగితే ముందు దీపం ఎడమకు జరిగినట్టు అనిపిస్తుంది. ఎడమకు జరిగితే కుడికి. కనుక సరంగుకు ఒకే సూత్రం: ముందు దీపం ఏ వైపుకు పోయిందో పడవనూ ఆ వైపుకే తిప్పు. చదువురాని సరంగు కూడా ఒక్క రాత్రిలో నేర్చుకోగల శాస్త్రం ఇది. చూసేవాడు కదిలితే దగ్గరి వస్తువు దూరపు వస్తువుకు అడ్డంగా కదిలినట్టు కనిపించడాన్ని పారలాక్స్ అంటారు. ఖగోళశాస్త్రజ్ఞులు నక్షత్రాల దూరం కొలిచేది కూడా దీనితోనే.

అయితే ఈ జంటదీపాలకు ఒక పెద్ద శత్రువు ఉంది. అది నది. వరద వచ్చి పాయ జరిగితే నిన్నటి సరైన గీత ఇవాళ తిన్నె మీదకు తీసుకుపోతుంది. అప్పుడు దీపాలను పీకి మరోచోట నాటాలి, లేకుంటే ఆర్పెయ్యాలి. తప్పు చూపే దీపం కన్నా చీకటి నయం.

నది కదిలితే

నది కదలడం ఎంత పెద్ద విషయమో గోదావరి మొగల దగ్గర చూడాలి. కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దీవి ఉంది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. గోదావరి తెచ్చిన ఇసుకా ఒండ్రూ పేరుకొని సుమారు రెండు వందల ఏళ్ళలో తయారైంది. ఆ దీవి అడ్డం ఉండబట్టే కాకినాడ రేవుకు అలల పోటు తగ్గింది. అదే గోదావరి, అదే ఒండ్రు, పక్కనే ఉన్న కోరంగి రేవును పూడ్చేసింది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. బర్మా, మలయా వెళ్ళిన మనవాళ్ళకు అక్కడ కోరంగీలని పేరు రావడానికి కారణమైన ఊరు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన దాన్ని చావుదెబ్బ కొట్టింది. ఆ తరవాత కోలుకోలేదు.

ఉత్తరాన వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నంలో 1876 నాటి దీపస్తంభమూ, గోస్తనీ నది కలిసేచోట భీమునిపట్నంలో 1868 నాటి దీపస్తంభమూ ఉన్నాయి. రెండు రేవుల్లోనూ ఇప్పుడు పెద్ద ఓడల రాకపోకలు లేవు. భీమిలి స్తంభం తెల్లగా, చిన్నగా, ముచ్చటగా ఉంటుంది. విశాఖ వెళ్ళినవారు సముద్రాన్ని చూసి తిరిగి వచ్చేస్తారు. ఈసారి దాన్నీ చూసి రండి.

గాజును చెక్కిన ఇంజనీరు

స్తంభం ఎంత ఎత్తున్నా దీపం చిన్నదైతే లాభం లేదు. నూనెదీపం వెలుగు అన్ని వైపులకూ పోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది, మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. ఆకాశంలోకీ, నేలమీదకీ పోయే వెలుగంతా వృథా. దాన్ని పోగుచేసి నీటి మీదుగా ఒక పట్టీలా పంపాలి. కుంభాకార కటకం నాభి వద్ద దీపం పెడితే కిరణాలు సమాంతరంగా బయటకు పోతాయని మీరు చదువుకున్నారు. కాని దీపస్తంభానికి సరిపడే కటకం మనిషంత ఉండాలి. అంత గాజుముద్ద బరువు మాట అటుంచి, దాని మందంలోనే సగం వెలుగు ఇంకిపోతుంది.

ఫ్రాన్సులో అగస్టిన్ ఫ్రెనెల్ అనే ఇంజనీరు ఒక విషయం గమనించాడు. వెలుగు వంగేది గాజు ఉపరితలం దగ్గరే. లోపలి మందం వెలుగును వంచడానికి ఏమీ సాయపడదు. అయితే ఆ మందాన్ని తీసేస్తే ఏం? కటకాన్ని వలయాలుగా విభజించి, ప్రతి వలయానికీ దాని వాలు మాత్రం ఉంచి, వెనకనున్న గాజు తీసేశాడు. అంచుల్లో సంపూర్ణాంతర పరావర్తనం చేసే గాజు పట్టకాలు పేర్చే పద్ధతి కూడా దీని తరవాత వచ్చింది. అతని పెద్ద కటకం మొదట వెలిగింది 1823లో, గిరోండ్ నదీముఖంలోని కొర్దువాన్ దీపస్తంభంలో. చూడండి, ఆ చరిత్ర కూడా ఒక నది మొగలోనే మొదలైంది! 1611లో పూర్తయిన ఆ స్తంభం ఇప్పటికీ వెలుగుతోంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫ్రెనెల్ మాత్రం క్షయతో 1827లో, 39 ఏళ్ళకే చనిపోయాడు.

ఈ కటకాలను తరగతులుగా చేశారు. ఒకటో తరగతి కటకానికి నాభ్యంతరం 920 మిల్లీమీటర్లు, అది సముద్రానికి. ఆరో తరగతిది 150 మిల్లీమీటర్లే. రేవులకూ నదులకూ అది చాలు. అక్షరాలు పెద్దవిగా కనిపించడానికి పుస్తకం మీద పెట్టే పలుచని ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దాని మీద వేలితో రాస్తే గరుకుగా వలయాలు తగులుతాయి. అది ఫ్రెనెల్ కటకమే.

సముద్రమంత సరస్సు

సరస్సు దీపస్తంభాలకు రాజధాని ఉత్తర అమెరికా. అక్కడి పంచ మహాసరస్సులలో పెద్దదైన సుపీరియర్ వైశాల్యం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. 2022కు ముందున్న మన ఉమ్మడి కృష్ణా జిల్లా లాంటివి తొమ్మిది అందులో పడతాయి. ఇనుప ఖనిజం నింపుకున్న పొడవాటి ఓడలు ఆ నీటి మీద నడుస్తాయి. శీతకాలంలో నీరు గడ్డకడుతుంది కనుక ఓడలు ఆగుతాయి, దీపాలూ ఆర్పేసేవారు. దీపస్తంభం కాపలాదారుకు ఏటా సెలవులిచ్చే సరస్సన్నమాట!

ప్రమాదం శీతకాలానికి ముందు, నవంబరులో. 1905 నవంబరు చివర ఒక్క తుఫానులో సుపీరియర్ సరస్సు మీద రెండు డజన్లకు పైగా ఓడలు దెబ్బతిన్నాయి. దాని ఫలితంగా మిన్నెసోటా తీరంలో కొండకొమ్మున స్ప్లిట్ రాక్ దీపస్తంభం కట్టి 1910లో వెలిగించారు. అప్పటికి అక్కడికి రోడ్డు లేదు. ఇటుకలూ ఇనుమూ అంతా ఓడల్లో తెచ్చి, కొండ మీదకు క్రేనుతో లాగారు. స్తంభం ఎత్తు పదహారు మీటర్లే. కాని కొండతో కలిపి దీపం నీటిమట్టానికి 51 మీటర్ల పైన ఉంది. మన లెక్క వేసి చూడండి: దీపానికి 25.7, తొమ్మిది మీటర్ల ఎత్తున నిలబడ్డ ఓడ కెప్టెనుకు 10.8, మొత్తం సుమారు 36 కిలోమీటర్లు. దాని అధికారిక పరిధి 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు. లెక్క సరిపోయింది కదా!

ఆ దీపపు కటకం బరువైనది. అది పాదరసం తొట్టెలో తేలుతూ తిరుగుతుంది. ఇనుము కూడా పాదరసం మీద తేలుతుందని మీకు తెలుసు. ఘర్షణ దాదాపు ఉండదు కనుక అంత బరువునూ వేలితో తోసి తిప్పవచ్చు. పాదరసం ఆవిరి విషమని అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఇలాంటి పాత స్తంభాలను కాపాడేవారికి ఇది ఈనాటికీ ఒక చిక్కే: తొట్టెను ఉంచాలి, కాని చూడవచ్చేవారి ఊపిరితిత్తులనూ కాపాడాలి.

ఓడలకు కొత్త పరికరాలు వచ్చాక 1969లో స్ప్లిట్ రాక్ దీపాన్ని ఆపేశారు. కూల్చలేదు. ఆ రాష్ట్ర చరిత్ర సంఘం దాన్ని పాత కటకంతో సహా పదిలపరచి ప్రదర్శనశాల చేసింది. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఖనిజ ఓడ అదే సరస్సులో 29 మందితో మునిగిపోయింది. ఏటా ఆ తేదీన వారి జ్ఞాపకంగా ఆ దీపం వెలిగిస్తారు.

పిల్లలు కాపాడిన దీపం

న్యూయార్కు నగరంలో హడ్సన్ నది ఒడ్డున ఎర్రరంగు వేసిన ఒక ఇనుప దీపస్తంభం ఉంది. ఎత్తు 12 మీటర్లే. 1921లో దాన్ని అక్కడికి తెచ్చి నిలిపారు. పదేళ్ళకు దాని నెత్తిన మహా వంతెన ఒకటి లేచింది. వంతెన మీది దీపాల ముందు దీని వెలుగు ఎవరికి కావాలి? 1940ల చివర ఆర్పేశారు. 1951లో వేలం వేసి తుక్కు కింద అమ్మబోయారు. కాని అప్పటికే, 1942లో, ఆ చిన్న దీపస్తంభమూ ఆ పెద్ద వంతెనా పాత్రలుగా పిల్లల కథల పుస్తకం ఒకటి వెలువడి ఇంటింటికీ చేరింది. దాన్ని చదివిన పిల్లలు ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు, డబ్బు పంపబోయారు. అమ్మకం ఆగింది. అదే ఏడు స్తంభాన్ని నగర ఉద్యానశాఖకు అప్పగించారు. ఇప్పటికీ అది వంతెన కింద నిలబడే ఉంది.

తరవాత అమెరికాలో ఇలాంటి స్తంభాలకోసం 2000లో ఒక చట్టమే చేశారు. ప్రభుత్వానికి అక్కరలేని దీపస్తంభాన్ని, దాన్ని బాగుచేసి జనానికి చూపిస్తామనే స్థానిక సంస్థలకూ సంఘాలకూ ఉచితంగా ఇస్తారు. ఎవరూ ముందుకు రాకపోతేనే వేలం.

మనదేశంలో 1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. అందులో కేంద్రప్రభుత్వం తన అధీనంలోని పాత దీపస్తంభాన్ని వారసత్వ దీపస్తంభంగా ప్రకటించే వీలు కల్పించారు. ఇది మంచి మాట. మద్రాసులో హైకోర్టు ఆవరణలో ఉన్న 1844 నాటి రాతి దీపస్తంభం వంటివాటికి గుర్తింపు ముందే ఉంది. నాకు దిగులల్లా చిన్నవాటి గురించే. ఎన్నడో ఆరిపోయి, పడవ ఎక్కితేగాని కనపడకుండా సరస్సు నడుమ నిలబడినవాటికి చట్టం చాలదు. వాటిని అడిగే ఊరు కావాలి.

సిమెంటు చేసే చేటు

అడిగేవారు దొరికినా మరో ప్రమాదం ఉంది. అది మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ మరమ్మతు. పాత స్తంభం బీటలు వారిందని సిమెంటు తెచ్చి మెత్తుతారు. కొత్తగా మెరుస్తుంది. పదేళ్ళలో లోపలి ఇటుక పొడిపొడి అవుతుంది. ఎందుకంటారా?

పాత కట్టడాలు డంగు సున్నంతో కట్టినవి. సున్నపురాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం వస్తుంది. నీరు పోస్తే తడిసున్నమవుతుంది. గోడలో అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మళ్ళీ రాయవుతుంది. ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లపు నీళ్ళూ కలిపేవారు. ఇలా కట్టిన గోడలో సన్నని రంధ్రాలుంటాయి. పీల్చిన తేమ వాటిగుండా బయటకు పోతుంది. అంటే గోడ ఊపిరి తీస్తుంది. సిమెంటు పూత ఈ దారి మూసేస్తుంది. అప్పుడు తేమ ఇటుకల్లోనే తిరుగుతుంది. చిలికా వంటిచోట ఆ తేమలో ఉప్పు ఉంటుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు ఇటుక రంధ్రాల్లోనే పెరిగి, లోపలినుంచి నెట్టి, పెచ్చులు ఊడదీస్తాయి. మీ ఊళ్ళో గోడకు చౌడు పట్టిందంటారే, అదే ఇది.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒక పళ్ళెంలో చిక్కని ఉప్పునీరు పోసి పాత ఇటుక ముక్కను సగం మునిగేలా నిలబెట్టండి. నీరు తగ్గినప్పుడల్లా పోస్తూ నెలరోజులు గమనించండి. నీటికి పైన, ఇటుక ఆరే చోట, తెల్లని పూత వస్తుంది. వేలితో రాస్తే ఎర్రపొడి రాలుతుంది. రెండో ముక్కకు ఒకవైపు సిమెంటు పూసి అదే పళ్ళెంలో పెట్టి, రెంటినీ పోల్చి నోటుపుస్తకంలో రాసుకోండి.

రావి మొక్కల సంగతి కూడా చెప్పాలి. పక్షులు పళ్ళు తిని వేసిన రెట్టలోని గింజలు బీటల్లో మొలుస్తాయి. చిలికాలో పక్షులకు కొదవలేదు. రెండాకులప్పుడు పీకితే వేలితో వస్తుంది. రెండేళ్ళాగి పీకితే వేరుతోపాటు గోడ వస్తుంది.

ముందు కొలవండి

ఏ కట్టడాన్ని కాపాడాలన్నా మొదటి పని దాన్ని కొలిచి, బొమ్మ గీసి, తేదీ వెయ్యడం. రేపు ఒక రాయి పడితే ఎక్కడిదో తెలియాలి కదా! ఈ పని పదో తరగతి విద్యార్థులు చెయ్యగలరు. మీ లెక్కల పుస్తకంలో దీపస్తంభం మీంచి ఓడలను చూసే త్రికోణమితి లెక్కలు ఎందుకున్నాయనుకున్నారు?

కోణమానినిని తలకిందులుగా పట్టుకొని, దాని సరళరేఖకు ఒక గొట్టం కట్టండి. మధ్య బిందువు నుంచి దారంతో చిన్న రాయి వేలాడదీయండి. గొట్టం అడ్డంగా ఉన్నప్పుడు దారం 90 మీద ఉంటుంది. గొట్టంలోంచి స్తంభం కొసను చూసినప్పుడు దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగితే అదే ఊర్ధ్వకోణం. 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కు నడవండి. అక్కడినుంచి స్తంభం మొదటివరకు ఎంత దూరమో కొలిస్తే అదే ఎత్తు. ముందు మీ ఊరి నీళ్ళ ట్యాంకు మీద, ఆపైన భీమిలి స్తంభం మీద చేతివాటం చూసుకోండి. బీకన్ దీవి నీటిలో ఉంది కనుక వెనక్కు నడవడం కుదరదు. పడవను ఒకే గీతలో రెండుచోట్ల ఆపి రెండు కోణాలు, ఆ రెండు చోట్ల మధ్య దూరం తీసుకోవాలి. ఆ లెక్క ఎలా చెయ్యాలో మీ పుస్తకంలోనే ఉంది. నీరు నిలకడగా ఉండే ఉదయం పూట వెళ్ళండి, పెద్దవారిని తోడు తీసుకువెళ్ళండి. రైల్లో వెళితే బరంపురం దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొలత రాసేటప్పుడు కంటి ఎత్తు కలపడం మాత్రం మరచిపోకండి. సగం మంది తప్పేది అక్కడే.